జకర్యా రక్తం

1987. భద్రాచలం అడవి అంచున ఒక బడి వరండా. ఏడేళ్లుగా రక్తం తీయడానికి కాంపౌండర్‌ని పంపుతున్న మలేరియా పరిశోధకుడు ఈసారి తనే సూది పట్టుకుని వచ్చాడు. రక్తమిచ్చేవాళ్ల లైన్లో మొదట, ఎదుట స్టూలు మీద జకర్యా కూర్చున్నాడు.

"చెయ్యి చాపు జకర్యా. నీ రక్తం మీద పదకొండు పేపర్లు రాసిన. ఇంకొక్కటి అచ్చయితే నేను ప్రొఫెసర్‌నైత."

"నా రక్తంల అంతగనం ఏమున్నది సారూ?"

"ఒక ఏడు మలేరియాని తట్టుకునే శక్తి ఏనుగంత ఉంటది, మరుసటేడు దోమంత. ఒక్క మనిషిల గిట్లెందుకైతదని జర్మనీవోళ్లు, జపానోళ్లు తన్నుకుంటున్నరు. నా పేపర్లను పట్టుకొని రెండొందల మంది పేపర్లు రాసిండ్రు."

"నన్నడిగితే చెప్పేటోణ్ని గద సారూ. మొదటేడు ఇచ్చింది నేను. మరుసటేడు మా తమ్ముడు ఇచ్చిండు, ఆ తర్వాత మా బావ."

"నీ పేరు మీదనా?"

"కాంపౌండర్ రాసిచ్చిన చీటీ నా పేరు మీదనే ఉన్నది మరి. రక్తమిస్తే బిస్కెట్ పొట్లం ఇస్తరు. ఏటా నేనొక్కణ్నే తింటే ఇంట్ల న్యాయమైతదా? వంతులు పెట్టుకున్నం."

పరిశోధకుడు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఈ సంగతి ఎవరికన్న చెప్పినవా?"

"ఎవరడిగిండ్రు సారూ?"

"మంచిది. ఈ ఏడు వంతు ఎవరిది?"

"మా అత్తది. డెబ్బై ఏండ్లుంటయ్. లైన్ల నిలబడలేదని నేను చోటు పట్టుకున్న."

"జల్దీ పిలువు. జర్మనీవోళ్లు ఎదురుచూస్తుంటరు."