వండూర్‌లో ఆగిపోయిన బొమ్మ

అండమాన్‌లోని డెలానీపూర్‌లో తిరుమలరావు ఎలక్ట్రికల్ షాపు మీది గది. భోజనాల వేళ. ఆయన కొడుకు ఉమేష్. అదే వీధిలో వలలూ తాళ్ళూ అమ్మే కాసులమ్మ కూతురు లహరి.

"అడిగినదానికి చెప్పు ఉమేష్ భయ్యా. మేడమ్‌తో మాట్లాడతావా, మాట్లాడవా?"

"చెప్తాను గానీ, మొదట్లో నా చేతిలో ఏముందో అది ముందు విను లహరీ. లెక్క అక్కణ్ణుంచే మొదలెట్టాలి."

"మళ్ళీ లెక్క!"

"వైజాగ్ కాలేజీలో ఎం.బి.ఏ. సీటు. ఇంట్లో కూర్చుని సాయంత్రం క్లాసులు వినొచ్చు, పరీక్షలకి మాత్రం వెళ్ళి రావాలి. ఒక లాప్‌టాప్. అన్నిటికన్నా పెద్ద పెట్టుబడి, సరోజిని మేడమ్ జాలి. మొదటి వారంలో గాలివాన కొట్టి నిజంగానే నెట్‌వర్క్ పోయింది, గుర్తుందా? క్లాసు సగంలో పోయింది. మర్నాడు మేడమ్ ఏమందో తెలుసా? ‘పాపం, సముద్రం మధ్యలో ఉన్న పిల్లాడు, హాజరు వేసేశాను’ అంది."

"అదే నీ పెట్టుబడి."

"అదే. అకౌంట్స్‌లో దాన్ని గుడ్‌విల్ అంటారు."

"ఆ క్లాసుకైతే వెళ్ళావన్నమాట."

"ఎగతాళి చెయ్యకు. ముందు ఆ గాజులు తిప్పడం ఆపు, తల తిరుగుతోంది."

"నాకు మాత్రం తిరగట్లేదేటి? పొద్దున్న మేడమే ఫోన్ చేసింది. ‘అమ్మాయ్, నీ మార్కులు బాగున్నాయి. కానీ ఈ ఏడాది నుంచి అండమాన్ వాళ్ళకి ఆన్‌లైన్ సీటు వద్దనుకున్నాం. మీ దగ్గర నెట్‌వర్క్ నిలబడదు, మా విద్యార్థి ఒకడు నానా అవస్థలూ పడ్డాడు’ అంది. ఒకడు! ఆ ఒకడెవరు భయ్యా?"

"నేనే."

"కావాలంటే వైజాగ్ వచ్చి హాస్టల్లో ఉండమంది. అమ్మ ఒక్కతీ కొట్టు ఎలా చూసుకుంటుంది? మోకాళ్ళు పట్టేశాయి, నిచ్చెన ఎక్కలేదు. సాయంత్రానికి లిస్టు పెట్టేస్తారంట. మీ విద్యార్థిది మా వీధే, ఆయన నోటితోనే వినండి అని బతిమాలాను. రెండింటికి వీడియో కాల్‌లోకి వస్తానంది."

"నన్నడక్కుండానే?"

"నిన్నడిగితే కల్ దేఖేంగే, రేపు చూద్దాం అంటావు."

"నువ్వే చెప్పొచ్చు కదా, ఇక్కడ నెట్‌వర్క్ బాగుంటుందని."

"చెప్పాను. ‘మరి ఉమేష్‌కి ఎందుకు పోయేది?’ అంది. ఏం చెప్పమంటావు? శ్రావణి పుట్టినరోజుకి వండూర్ బీచ్‌లో పోయిందనా? లంబాలైన్‌లో క్రికెట్ ఆడుతుంటే పోయిందనా? గోపీచంద్ పెళ్ళిచూపులకి కూడా పోయింది కదా నీ నెట్‌వర్క్!"

"వాడికి ధైర్యం చాలక నన్ను తోడు రమ్మన్నాడు."

"ఆ అమ్మాయి వద్దంది కదా."

"అందుకే వాణ్ణి ఓదార్చాల్సొచ్చి మర్నాటి క్లాసు కూడా పోయింది."

"భయ్యా!"

"నా మాట కూడా విను యార్. పొద్దుట్నుంచి షాపులో నిలబడతాను. ఫ్యాన్లు దించు, వైరు కొలువు, నాన్న తిట్లు తిను. నాకంటూ మిగిలేది సాయంత్రం ఒక్కటే. సరిగ్గా దాన్నే కాలేజీ అడిగింది. దోస్తులూ దాన్నే అడిగారు. ఒక్క సరుక్కి ఇద్దరు బేరగాళ్ళు. కాలేజీ చూస్తే వైజాగ్‌లో ఉంది, దోస్తులు చూస్తే కింద బైకుల మీద హారన్ కొడుతున్నారు. ఎవరికి ఇస్తాను చెప్పు?"

"ఇద్దరికీ అమ్మావు కదా."

"అమ్మాను. మతలబ్, అంటే, అలా అనుకోలేదు. ఎవరి జేబూ కొట్టట్లేదు, పోయేది నా చదువే కదా అనుకున్నాను. ఆ బొమ్మ వేషం మొదలయ్యాక మరీ తేలికైపోయింది. ఫోన్ కెమెరా ముందు కన్నార్పకుండా, నోరు సగం తెరిచి కూర్చుంటే చాలు, అవతల ‘ఉమేష్ ఆగిపోయాడు’ అనేవారు. కాల్ కట్. అందరూ ఎంత నవ్వేవారు!"

"దాని సంగతి ఇప్పుడెందుకు?"

"వండూర్‌లో అయితే మరీ..."

"ఎందుకన్నాను కదా! టైమవుతోంది. నిజం చెప్తావా, చెప్పవా?"

"చెప్తే నాకేమవుతుందో తెలుసా? ఆ హాజరంతా కొట్టేస్తారు. పాసైన సెమిస్టర్లు మళ్ళీ చదవాలి. కింద మెట్ల దగ్గర గుడ్డ చుట్టి పెట్టింది, చూశావా?"

"చూశాను. ఏటది?"

"కొత్త బోర్డు. ‘తిరుమలరావు అండ్ సన్, ఎం.బి.ఏ.’ అని నాన్న రాయించేశాడు."

"అదేటి! మీ నాన్న కూడా ఎం.బి.ఏ. అయిపోయినట్టుంది."

"నవ్వు, నవ్వు. షాపు మూసేటప్పుడు ఆయన రోజూ గుడ్డ ఎత్తి చూసుకుంటాడు. మళ్ళీ కప్పి, తాళం వేస్తాడు. ఆయనకేం చెప్పను?"

"నీ ఇబ్బంది నాకు తెలీదా? కానీ నువ్వు ఖర్చుపెట్టింది నీ ఒక్కడి గుడ్‌విల్ కాదు భయ్యా. ఈ ఊరందరిదీ. నీ తరవాత ఎవరు ఆ తలుపు కొట్టినా, మీవాడికి నెట్‌వర్క్ లేదమ్మా అంటారు."

"నువ్వు పక్కనే ఉంటావా?"

"ఉంటాను."

"గాజులు తీసేస్తున్నావెందుకు?"

"చప్పుడవుతాయని. సరిగ్గా కూర్చో. మేడమ్ వచ్చేసింది."

"నమస్తే మేడమ్."

"నమస్తే లహరీ. ఉమేష్, బాగున్నావా? ఎంతకాలానికి నీ ముఖం ఇంత స్పష్టంగా చూస్తున్నాను! చెప్పు బాబూ. ఈ అమ్మాయేమో మీ దగ్గర నెట్‌వర్క్ బాగానే ఉంటుందంటోంది. నువ్వేమో పాపం అన్ని అవస్థలు పడ్డావు. ఏది నిజం?"

"మేడమ్, అదీ... మతలబ్... వానాకాలంలో..."

"ఆఁ, వానాకాలంలో?"

"..."

"ఉమేష్? హలో? వినపడుతోందా? అయ్యో, ఆగిపోయాడమ్మా. చూశావా లహరీ, నేను చెప్పింది ఇదే."

"మేడమ్, ఒక్క నిమిషం ఉండండి."

"ఎంతసేపని ఉంటాను? తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. నీ మీద కోపం కాదమ్మా, రేపు నీకూ... ఆగు. నువ్వు కదులుతున్నావే."

"అవును మేడమ్."

"మీరిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు కదా?"

"అవును మేడమ్."

"మరి నువ్వు కదులుతుంటే, పక్కన అతనొక్కడూ ఎలా ఆగిపోయాడు? ఉమేష్!"

"నెట్‌వర్క్ పోలేదు మేడమ్. నేనే కదల్లేదు."

"ఎందుకు? లహరి ముందు చెప్పడానికి మొహమాటపడ్డావా? ఇవాళ ఒక్కరోజే అయితే చెప్పు, నేనేమీ అనుకోను."

"ఇవాళ ఒక్కరోజే కాదు మేడమ్. మొదటి వారం గాలివాన నిజం. ఆ తరవాతవన్నీ నేనే. దోస్తులతో తిరిగాను. ఇక్కడ నెట్‌వర్క్‌కి ఏ లోటూ లేదు."

"క్లాసులో అందరికీ నిన్నే చూపించేదాన్ని ఉమేష్. సముద్రం మధ్య నుంచి ఆ అబ్బాయి చదువుతున్నాడు, ఊళ్ళో ఉండి మీకేం రోగం అని తిట్టేదాన్ని."

"తెలుసు మేడమ్. ఆ తిట్లు నాకు వినపడేవి."

"ఒకసారి నువ్వు ఆగిపోయినప్పుడు ఎవరో ఆడపిల్ల నవ్వు వినపడింది. కెమెరాకి అడ్డంగా ఆకుపచ్చ గాజుల చెయ్యి కూడా వచ్చింది. చూసి కూడా నిన్నే నమ్మాను. నీకు ఫోన్ పట్టుకున్న ఆ అమ్మాయి ఎవరు?"

"ఎవరో టూరిస్టులు మేడమ్. బీచ్‌లో కాసేపు పట్టుకోమని ఇచ్చాను."

"పేరు తెలీదా?"

"తెలీదు మేడమ్."

"సరే. నీ సంగతి కమిటీలో పెట్టక తప్పదు. మొదటి సెమిస్టర్ నుంచీ మళ్ళీ చదవాల్సి వస్తుంది, మనసు సిద్ధం చేసుకో. లహరీ, నువ్వు చెప్పింది నిజమే. నీ పేరు లిస్టులో పెడుతున్నాను. ఆ ఊరి నుంచి ఒక్కరైనా నమ్మదగినవాళ్ళు దొరికారు, సంతోషం."

"మేడమ్..."

"ఉంటానమ్మా."

"పెట్టేసింది. హమ్మయ్య అనాలో, ఏడవాలో తెలీట్లేదు. ఏటి లహరీ, సీటొచ్చినదానివి అలా కూర్చున్నావు?"

"టూరిస్టులా భయ్యా?"

"ఊరుకో. ఆ రోజు నీకేం తెలుసు, నువ్వూ ఆ కాలేజీలో చేరతావని? అయిపోయిందేదో అయిపోయింది. లెక్క చూసుకో. మొదట్లో నా చేతిలో సీటుంది, లాప్‌టాప్ ఉంది, మేడమ్ జాలి ఉంది. జాలి పోయింది. చదివిన చదువు పోయింది. లాప్‌టాప్ ఉంది. నీకు సీటొచ్చింది. మళ్ళీ మొదటి సెమిస్టర్ కదా, నీలాంటి తెలివైన క్లాస్‌మేట్ దొరికింది. బోర్డు మీద గుడ్డ ఇంకొన్నాళ్ళు ఉంటుంది, నాన్నకి ఎత్తి చూసుకోవడం అలవాటే. మొత్తం మీద నష్టం అనను. ఆ గాజులు వేసుకో, ఇక్కడే మరిచిపోతావు... వేసుకున్నావు కదా, మళ్ళీ లాప్‌టాప్ ఎందుకు తిప్పుతున్నావు? ఎవరికి కాల్? లహరీ, వద్దు. ఛోడ్ నా యార్! సీటు పోతుంది, చెప్తున్నాను... లహరీ!"

"మేడమ్, నేనే. లేదు మేడమ్, నెట్‌వర్క్ బాగానే ఉంది. ఒక్కసారి నా చెయ్యి చూడండి. ఈ గాజులు గుర్తుపట్టారా?"