నాలుగో విమానం బరువు

తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు మాణిక్యంగారి వంటిల్లు. మంగళవారం పొద్దున్న. ఆదివారం నాడు నాలుగు విమానాల్లోంచి పారాచూట్లతో దూకి ఆకాశంలో చేతులు కలపబోయే అరవై రెండు మందిలో పదహారు మంది పదిరోజులుగా ఆవిడ ఇంట్లోనే భోంచేస్తున్నారు. కూతురు సుష్మిత ఆ పదహారు మందిలో ఒకతె. పెరట్లో వంటమనిషి సుబ్బయ్య పూర్ణం రుబ్బుతుంటే, ఆవిడ పెనం మీద పెసరట్టు పోస్తుండగా గుమ్మంలో ఆ జట్టు పెద్ద శ్రీకర్ చేతిలో కాగితంతో నిలబడ్డాడు.

"ముందు కూర్చో నాయనా. నిలబడి చెప్పే మాటలు నా బుర్రకెక్కవు."

"కూర్చుంటే పెడతారండి పిన్నిగారూ. అందుకే నిలబడ్డాను."

"పెడితే తప్పా? అల్లం పచ్చడి ఇప్పుడే నూరాను."

"తప్పేనండి. అది చెప్పడానికే వచ్చాను. నిన్న సాయంత్రం ఊరి పాత రన్‌వే దగ్గర అందర్నీ తూచామండి."

"తూచారా? దేని మీద?"

"ధాన్యం కాటా మీదండి. రన్‌వే మీద ధాన్యం ఆరబోసిన రైతులు ఎత్తుకుపోతూ, ఇదిగో మీరూ తూచుకోండన్నారు."

"హవ్వ! ఇంటికొచ్చినవాళ్ళని ధాన్యం బస్తాల్లా తూస్తారా? మన గురించి ఏమనుకుంటారు వాళ్ళు?"

"ఏమీ అనుకోలేదండి. కాటా ఎంత చూపించిందో చూశాక, నమ్మక ఒక్కొక్కళ్ళూ మళ్ళీ ఎక్కి తూచుకున్నారు. తలా మూడు కేజీల పైనే పెరిగారండి పిన్నిగారూ. ఫిన్నీ అయితే నాలుగున్నర. దూకేటప్పుడు వేసుకునే సూటు జిప్పు బొడ్డు దగ్గరే ఆగిపోయింది."

"ఆ ఏలూరు కుర్రాడేనా? వచ్చిన రోజు ఎండిపోయిన మునక్కాడలా ఉన్నాడు. ఇప్పుడు చూస్తే వాళ్ళమ్మ ఎంత సంతోషిస్తుందో!"

"నిన్న వచ్చి చూసిందండి. కొడుకుని గుర్తుపట్టలేదు."

"దిష్టి తీయించుకోమను. ఇదిగో, ఒక్క అట్టు."

"వద్దండి."

"సగం."

"పిన్నిగారూ, వినండి. పొద్దున్నే పెసరట్టు ఉప్మా, పదింటికి సున్నుండలు, మధ్యాహ్నం రెండు కూరలూ, పప్పూ, పులిహోరా, గారెలూ, మీద గడ్డపెరుగు. నాలుగింటికి బొబ్బట్లు. నిద్రపోబోయే ముందు పూతరేకులట! ఆ పంజాబ్ ఆయన నిద్రలో కూడా నెయ్యి, నెయ్యి అంటున్నాడండి."

"పరాయి ఊరు నుంచి వచ్చాడు. అర్ధాకలితో పంపిస్తానా? అయినా ఊరంతా పెడుతున్నారు గదా, నా ఒక్కదాని మీదే పడ్డావేం?"

"మిగతా మూడు విమానాలవాళ్ళూ లాడ్జీలో ఉన్నారండి. ఇడ్లీ తిని, సాంబారు తాగి పడుకుంటున్నారు. ఒక్కళ్ళూ అరకేజీ పెరగలేదు. నాలుగో విమానంవాళ్ళే మీ ఇంట్లో ఉన్నారు. ఆ ఒక్క విమానానికే యాభై కేజీలు ఎక్కువైంది."

"ఎక్కువైతే ఏం? పైనుంచి కిందకేగా రావడం? కిందకి రావడానికి బరువుంటే మంచిదేగా."

"కిందకి రావడానికి మంచిదేనండి, పైకెళ్ళడానికే ఇబ్బంది. విమానం లేవాలి కదండీ! లేచినా, బరువైనవాడు గబగబా కిందకి జారిపోతాడు, తేలికైనవాడు పైనే ఉండిపోతాడు. చేతులెలా కలుస్తాయి?"

"కలవకపోతే?"

"రికార్డు పోతుందండి. అరవై ఒక్కరు చేతులు కలిపితేనే రికార్డు. రికార్డు వస్తేనే దాతలు కొల్లేరు లంకలకి అంబులెన్సు పడవ కొనిస్తామన్నారు."

"అయితే మానేస్తారా? మొత్తానికే మానేస్తారా?"

"మానేయమండి."

"మానేయరా..."

"ఏంటండీ, అలా నిరుత్సాహపడ్డారు?"

"నిరుత్సాహమేముంది, అట్టు మాడుతోంది. ఉండు, తిరగేస్తాను. మరి ఏం చేస్తారు?"

"ఒక్కళ్ళని దింపేస్తామండి. అరవై రెండులో ఒకళ్ళు తగ్గినా ఫరవాలేదు. ఇద్దరు తగ్గితే మాత్రం పడవ లేదు."

"ఎవర్ని దింపుతారు?"

"ఆ అట్టు ఇలా పెట్టండి పిన్నిగారూ."

"ఇందాక వద్దన్నావుగా?"

"ఇప్పుడు కావాలండి."

"ఇదిగో. కూర్చుని తిను. ఎవర్ని?"

"పచ్చడి భలేగా ఉందండి. బెల్లం వేశారా?"

"శ్రీకరూ."

"సుష్మితనండి."

"ఎవర్నీ?"

"పిన్నిగారూ? పొగ వస్తోందండి. పెనం..."

"రానీ. మా సుష్మితనా? అది చీపురుపుల్లలా ఉంటుంది గదయ్యా! ఒక్క గ్రాము కూడా పెరిగి ఉండదే!"

"తనొక్కతే పెరగలేదండి. సరిగ్గా యాభై కేజీలు. ఎక్కువైన బరువూ సరిగ్గా అంతే."

"ఇదెక్కడి న్యాయం? తిన్నవాళ్ళు ఎగురుతారు, తిననిది కింద కూర్చుంటుందా?"

"నాకూ బాధగానే ఉందండి."

"సరేలే. పోనీలే. మంచిదే అయింది."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. ఇంకో అట్టు వేస్తాను, తిను. ఏడ్చిందా?"

"ఏడవలేదండి. నేను తీసెయ్యలేదు, తనే ఈ కాగితం లాక్కుని తన పేరు కొట్టేసుకుంది. పైగా నవ్వింది. ఏదో అంది, నాకు అర్థం కాలేదు."

"ఏమంది?"

"'మా అమ్మ ఆదివారం దాకా పెట్టడం ఆపదు. ఇంకో మనిషి దిగాల్సి వస్తే పడవే పోతుంది. నా పేరు లేదని తెలిస్తే ఇవాళే ఆపేస్తుంది' అంది. మీకేమైనా అర్థమైందాండీ?"

"అయింది."

"ఏమిటండీ?"

"కావాలనే పెట్టాను నాయనా."

"ఆఁ?"

"ముందు దానికే పెట్టాను. ఎంత పెట్టినా ఒంటికి పట్టదు, అంతా వాళ్ళ నాన్న పోలిక. వచ్చిన రోజు ఈ పీట మీదే కూర్చుని నువ్వే చెప్పావు, విమానానికి బరువు లెక్కుంటుంది, దాటితే ఎగరదు అని. అప్పట్నుంచి మిగతావాళ్ళకి వడ్డించడం మొదలుపెట్టాను. విమానం లేవకపోతే అది ఎక్కదు, ఎక్కకపోతే దూకదు. అంతే నా లెక్క."

"అయ్యో పిన్నిగారూ! తను మూడొందల సార్లు దూకిందండి. మా అందర్లోకీ జాగ్రత్త గల మనిషి."

"మూడొందల సార్లూ నాతో చెప్పకుండా దూకింది. చెప్పి దూకేది ఇదొక్కటే. తెలియనన్నాళ్ళూ హాయిగా నిద్రపోయాను. తెలిసిన దగ్గర్నుంచి కళ్ళు మూస్తే అది పడిపోతూనే ఉంది. నాకు భయం నాయనా. ఉన్నది అదొక్కతే."

"ఒక్క మాట చెబితే తనే మానేసేది కదండీ?"

"ఏమని చెప్పను? ఈ పడవ దేనికో నాకు తెలియదా? పోయిన వానాకాలం లంకలోంచి పురిటి మనిషిని చేపల పడవలో వేసుకుని కైకలూరు తెచ్చారు. ఆసుపత్రిలో ఆ పూట డ్యూటీ డాక్టరు మా సుష్మితే. గట్టు చేరేసరికే అంతా అయిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్ళినా మొహం తిప్పేసుకుంది. దానిచేత తినిపించలేకపోయింది నా జన్మలో ఆ రెండ్రోజులే."

"అందుకేనండి తను..."

"తెలుసయ్యా. తెలిసే చేశాను. పెట్టే చెయ్యి పుణ్యం చేస్తోందని ఊరంతా మెచ్చుకుంటుంటే, సిగ్గు లేకుండా తలూపాను. ఆ కాగితం ఇలా తే. పెన్నేది?"

"ఏం చేస్తారండీ?"

"దాని పేరు మళ్ళీ రాస్తాను."

"మరి యాభై కేజీలండీ?"

"ఎక్కించింది నేనే, దింపేదీ నేనే. ఆదివారానికి తగ్గుతారా, తగ్గరా?"

"గట్టిగా కడుపు కట్టుకుని, పొద్దునా సాయంత్రం పరిగెడితే తగ్గుతారండి. కానీ మీ ఇంట్లో వాసనలు పీలుస్తూ కడుపెవరు కట్టుకుంటారండీ?"

"వాసన ఉంటే గదా! సుబ్బయ్యా! ఓ సుబ్బయ్యా! ఆ బొబ్బట్ల పూర్ణం పక్కింటివాళ్ళకి ఇచ్చెయ్. నెయ్యి డబ్బా పైన పెట్టి తాళం వెయ్యి. ఇవాళ్టి నుంచి అందరికీ రాగి జావ, పల్చగా కాయి. పంజాబ్ ఆయన అడిగితే నెయ్యి అయిపోయిందని చెప్పు. ఏడిస్తే ఏడవనీ."

"పిన్నిగారూ, మీకు దణ్ణం పెట్టాలండి. ఆదివారం రన్‌వే దగ్గరికి వస్తారా?"

"రాకేం? వణుక్కుంటూనే వస్తాను. అవునూ, నువ్వూ ఆ నాలుగో విమానమేనా?"

"నేనాండీ? నాలుగోదేనండి."

"అయితే ఆ పళ్ళెం ఇటిచ్చెయ్."