ఎర్ర స్టిక్కరు లేని కడుపు

కాదు సార్, మీరలా రాసేసుకుంటే ఎలా? డ్యూటీలో ఉన్న నర్సు మీద దాడి అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సరిపోతుందా? పగిలింది నా తలకాయ. నన్ను చెప్పనివ్వండి. నొప్పా? తొమ్మిది కుట్లు పడ్డాయి, ఉండదూ మరి! నోటికైతే కుట్లు పడలేదుగా.

కొట్టింది అతనే. సిమెంటు బస్తాలు మోసే మనిషి. సెలైన్ స్టాండు పీకి నెత్తిన ఒక్కటిచ్చాడు. కిందపడ్డాక ఇంకోటి. ఆ తర్వాత కిటికీ అద్దాలు, మందుల ట్రాలీ, ఏదీ వదల్లేదు. నా రక్తం, అతని చేతి రక్తం కలిసి గుమ్మం దాకా పారింది. బాలింతలు పిల్లల్ని గుండెలకి కరుచుకుని మంచాల కింద దూరారు పాపం.

ఎందుకు కొట్టాడని అడగరేం?

మా దగ్గర ఒక పద్ధతుంది లెండి. పెళ్ళయిన పదేళ్ళకో పన్నెండేళ్ళకో, ఒళ్ళంతా సూదులు పొడిపించుకుంటే నిలిచిన కడుపైతే కేస్ షీటుకి ఎర్ర స్టిక్కరు అంటిస్తాం. అపురూపం అన్నమాట. గంటగంటకీ చూడాలి. మిగతావా? మిగతావి మామూలు కడుపులు.

నిన్న మధ్యాహ్నం కాన్పుకి ఇద్దరున్నారు. స్టిక్కరామెకి నొప్పులే మొదలవలేదు, దిండుకి ఆనుకుని ఫోను చూసుకుంటోంది. రెండోది నన్ను కొట్టినతని భార్య. నాలుగో కాన్పు, నొప్పుల మీదుంది. బిడ్డ గుండె చూసే మిషను పనిచేసేది ఒక్కటే, అది ఈమె పొట్టకి కట్టుంది. స్టిక్కరామె తల్లి వచ్చి, మా అమ్మాయికి పెట్టరేం, ఎన్నాళ్ళకి నిలిచిందో తెలుసా అని నా ప్రాణాలు తోడేసింది. డాక్టరమ్మేమో ఆపరేషన్లో ఉంది. బెల్టు విప్పి అటు కట్టేశాను. ముగ్గుర్ని కన్నదేగా, దీన్నీ తనే కనేస్తుందిలే అనుకున్నా.

అక్కా, బిడ్డ కదలట్లేదు, ఒక్కసారి చూడక్కా అంది. చూస్తాలే అన్నాను. నలభై నిమిషాలు సార్. బొడ్డుతాడు మెడకి రెండు చుట్లు. ఆడపిల్ల, మూడు కిలోలుంటుంది, ఊపిరి లేకుండా, నీలంగా నా చేతుల్లోకే వచ్చింది. పక్క మంచం దగ్గర మిషను మాత్రం టకటకమంటూనే ఉంది.

మిషను మాటెత్తకు, దాడి కేసు గట్టిగా పెట్టు అని డాక్టరమ్మ పొద్దున చెప్పి వెళ్ళింది. పెడితే అతనికి ఎన్నేళ్ళు పడుతుంది? ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు. నాకు తెలుసు, ముగ్గురికీ పురుడు పోసింది నేనే.

ఏంటి సార్? ముందు చెయ్యి చేసుకున్నదెవరా?

నేనే.

అతని భార్య మూడోసారి పిలిచి నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు. ఒళ్ళు మండిపోయింది నాకు. లోకంలో నువ్వొక్కదానివే కంటున్నావా, నోర్ముయ్ అని చెంప పగలగొట్టాను. పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పుకోలేదు ఆ పిల్ల.

ఆ తర్వాత ఇంక నన్ను పిలవలేదు సార్. రాసుకోండి.