ఇస్త్రీ కింద లేచిన వాసన

తలుపు వేసుకోకు అక్కా. నీ బట్టలు ఆలస్యం చేశానని తిట్టు, పడతాను. మొహాన తలుపేస్తే మాత్రం నేనింకెక్కడికి వెళ్ళను?

కుట్టుమిషను ఆపొద్దు. నువ్వు కుడుతూ ఉండు, నేను చెబుతాను. నా మొహం చూడకపోతేనే నాకు సులువు.

ఇస్త్రీ బల్ల ముందు పద్దెనిమిదేళ్ళుగా నిలబడుతున్నాను. ఈ వీధిలో ఎవరి జేబులో ఏముందో వాళ్ళ పెళ్ళాలకన్నా నాకే ముందు తెలుస్తుంది. లెక్కల మాస్టారి జేబులో తెల్లవెంట్రుకలు పీక్కునే పట్టకారు దొరికిందని చెప్పి మీ అందర్నీ నవ్వించింది నేనే కదా.

మీవాడి రుమాలు సంగతీ అలాగే చెప్పాను. ఇస్త్రీ పెట్టె ఆనించగానే గుప్పుమంది, పుస్తకాల్లో తప్పులు దిద్దే ఆ వైట్‌నర్. పదో తరగతి పిల్లాడు రుమాల్లో పోసుకుని పీలుస్తున్నాడని సాయంత్రానికల్లా వీధంతా తెలిసింది. రాసినవి చెరపడం చాలక బుర్రలో ఉన్నది కూడా చెరుపుకుంటున్నాడని అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు వారం రోజులు గడప దాటలేదు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలోకి వచ్చాక తన బట్టలు తనే ఇస్త్రీ చేసుకుంటోందనీ, అమ్మ చేతులు నొప్పెడతాయని దానికి దిగులనీ, పిల్లల్ని అలా పెంచాలనీ ఇదే గుమ్మంలో నిలబడి నీతో అన్నాను. అందరి జేబులూ తడిమేదాన్ని, నా కూతురు తన జేబు నాకెందుకు అందనివ్వడం లేదో ఆలోచించానా?

నిన్న బడి మెట్ల మీద పడిపోయింది. ఆస్పత్రిలో ఉంది. కళ్ళు తెరిచి, నన్ను చూసి గోడవైపు తిరిగింది. ఏం పీల్చావని నర్సు అడిగితే, "ముందు మా అమ్మని బయటికి పంపండి. ఆవిడకి చెబితే వీధికి చెప్పినట్టే," అంది.

నేనే లేచి బయటికి వచ్చేశాను.

ఏమన్నావ్? అది పీలుస్తోందని మీవాడికి తెలుసా? నాలుగు నెలల నుంచా? అయితే నీకూ తెలుసన్నమాట.

వద్దులే, కళ్ళు తుడుచుకో. నువ్వు చెప్పి ఉంటే నేనేమనేదాన్నో నాకు తెలీదా? నీ కొడుకే చెడగొట్టాడని వీధిలో చాటింపు వేసేదాన్ని.

మీవాణ్ణి దారిలో పెట్టిన ఆ డాక్టరమ్మ దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళు అక్కా. వాణ్ణి కూడా రమ్మను. అది నాతో మాట్లాడదు. వాడితోనైనా మాట్లాడుతుందేమో.

ఇంకొకటుంది. ఇది ఆస్పత్రిలో కూడా చెప్పలేదు.

పోయిన నెల దానికి జ్వరమొస్తే, దాని యూనిఫాం నేనే ఇస్త్రీ చేశాను. పెట్టె జేబు మీదికి రాగానే అదే వాసన. రుమాలు తీసి చూశాను. చేతిలో అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది.

ఎవరికీ చెప్పలేదు. దాన్నీ అడగలేదు. బయటపడితే ఈ వీధి నా మాటలే నాకు అప్పజెబుతుందని భయపడ్డాను. రుమాలు ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ దాని జేబులోనే పెట్టేశాను.