పక్క స్లైడులో పూలు

రక్తపరీక్షల గదిలో, కొత్తగా చేరిన అమ్మాయి మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండా సీనియర్ని పిలిచింది.

“అక్కా, ఈ కణాలు అచ్చం పూలలా ఉన్నాయి!”

“మురిసిపోకు. అరుదైన రక్తక్యాన్సరది. మనల్ని కాపాడాల్సిన టీ రకం తెల్లకణాలే తిరగబడి, నెలల్లో మనిషిని మింగేస్తాయి.”

“రెండో స్లైడులోనూ ఉన్నాయి. ఇదీ ఆ పేషెంటుదేనా?”

“కళ్లజోడు తెచ్చుకో తల్లీ! రంగు సరిగ్గా పట్టిందో లేదో పోల్చుకోవడానికి రోజూ మనలో ఒకరి రక్తం పెడతాంగా. అదది.”

“ఇవాళ ఎవరిది?”

“నాదే.”

అమ్మాయి కుర్చీ ఖాళీ చేసింది. అక్క వంగి చూసింది. ఊదారంగు పూలు ఆమెకేసే చూస్తున్నట్టున్నాయి.

“తారుమారయ్యాయేమో అక్కా.”

“మళ్లీ గుచ్చు.”

కొత్త చుక్కలోనూ అవే పూలు.

“మీకు జ్వరమైనా లేదే! ఎలా వస్తుందిది?”

“ఒక వైరస్. తల్లిపాలతో బిడ్డ ఒంట్లోకి దూరుతుంది. ఏళ్లతరబడి చప్పుడు చేయకుండా పడుకుంటుంది.”

అక్క ఫోను మోగింది. అమ్మాయే తీసింది.

“మీ అత్తగారు. పాప గుక్కపట్టి ఏడుస్తోందట, పాలివ్వడానికి త్వరగా రమ్మంటున్నారు.”

అక్క రెండు చేతులూ గుండెలకు అదుముకుంది. రొమ్ములు పాలతో సలుపుతున్నాయి.

“డబ్బాపాలు పట్టమను,” అంది.