కొమ్మల గుట్ట

ఏందే కావ్యా, కనపడలేదా పులి? తెల్లారకముందే లేచి, చలిలో తుమ్మలబైలు దాకా పోయి, జీపులో ఒళ్ళంతా హూనం చేసుకొని, చూసింది రెండు దుప్పులూ ఒక నెమలీనా? ఊరుకో మే, నవ్వొస్తాంది నాకు. హైదరాబాదు నుంచి మీ ఆఫీసోళ్ళందరినీ ఎంటేసుకొని వచ్చినావు పాపం. మన దోర్నాల బస్సే టైముకు రాదు, పులి వస్తదా మీకోసం? కూర్చో, ఈ మంచం మీద కూర్చో, కాళ్ళు చాపుకో. అవునూ, ఆ జీపు పిల్లోడు కొమ్మల గుట్ట చూపించినాడా? చెక్‌పోస్టు దాటినాక మలుపులో ఉంటది సూడు, ఎండుకొమ్మలూ పచ్చికొమ్మలూ కుప్ప పడి, పైన పసుపూ కుంకుమా... ఆ, అదే. ఏమని చెప్పినాడు? పులిస్వామా! పులినెక్కి తిరిగిన సామా! అబ్బో, అంత దాకా పోయినాడా మా మాల్యాద్రి బావ!

ఎవరేందే, మీ తాతకు సొంత అన్న. నీకు పెద్దతాత అవుతాడు. నేను ఈ ఇంటికి కాపురానికొచ్చే తలికి ఆయన పెళ్ళయి ఏడాదో ఏమో. మాట తక్కువ మనిషి. నడిస్తే మాత్రం ఆయన ఎనకాల ఎవరూ పోలేరు. అప్పుడు మనకు పెద్ద మంద ఉండేది. ఇప్పుడు చూస్తాండావు గదా, ఆ దొడ్లో మీ మామ ట్రాక్టరు పెట్టుకున్నాడు, అదంతా జీవాలే. ఎండాకాలమొస్తే కింద గడ్డిపోస ఉండదు, మందను కొండకు తోలాల్సిందే. అప్పట్లో ఈ రిజర్వూ, గేట్లూ, పేరు రాయించుకోడాలూ ఏమీ లేవు. సంగటి మూటా, గొంగడీ, గొడ్డలీ, అంతే, పోతే మళ్ళా వానలకే దిగేది. ఒక ఏడు మంద వానలకు ముందే దిగొచ్చింది. గంట కట్టిన మేకపోతు ముందర నడుస్తా, ఎనకాల గొర్రెలన్నీ వరసగా వచ్చినాయి, దొడ్లోకి పోయి నిలబడినాయి. మంద ఎంట పోయిన మాల్యాద్రి బావ లేడు. మా అత్త గడప కాడ నిలబడి చూస్తానే ఉంది, ఎనకాల వస్తాడేమోనని. వెంకటలక్ష్మమ్మక్క, అంటే ఆయన పెండ్లాం, నా తోడికోడలు, తొట్టిలో నీళ్ళు పోస్తా ఉంది జీవాలకు. పోస్తా పోస్తా తలెత్తి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కండ్ల ముందరే ఉంది.

ఊరంతా కదిలినారు. చెంచోళ్ళను తోడు తీసుకొని వెతికినారు. వాగు పక్కన గొంగడి దొరికింది, చినిగిపోయి. ఇసకలో పులి అడుగులు. ఇంకేముంది, అయిపాయె అన్నారు. మనలో ఒక పద్ధతి ఉంది మే, మీకెవరూ చెప్పి ఉండరు. గొర్రెలు కాసేటోడు పులి వాతన పడితే, ఆ దారిన పొయ్యే ప్రతి మనిషీ ఒక పచ్చికొమ్మ విరిచి అక్కడ ఏసి పోవాల. అట్ల ఏస్తే పోయినోడు మన జీవాలకు కాపలా ఉంటాడని. వాగు కాడికి అందరూ పోలేరని రోడ్డు మలుపులో ఏసినారు. మీ తాతే ఏడుస్తా మొదటి కొమ్మ ఏసినాడు. అందరూ ఏసినారు. అక్క ఏయలా.

"గొంగడి దొరికింది, సరే. గొడ్డలేది? చెప్పులేవి? పులి చెప్పులేసుకొని, గొడ్డలి భుజానేసుకొని పోయిందా?" అనింది. అందరి ముందర! మా అత్త గయ్యిమని లేచింది. "ఒసే, నా కొడుకు పులి నోట్లో పడి పోతే నీకు ఎకసెక్కాలా? గాజులు తీసి ఒక మూల కూర్చో." అక్క చేతులు ఎనక్కి పెట్టుకొని, "ఆయన శవం చూపియ్యి, తీస్తా" అనింది. చూపించేదానికి ఏముంది? అట్లనే బొట్టు పెట్టుకొని, గాజులేసుకొని తిరిగింది. మా అత్త బతికినన్నాళ్ళూ దెప్పుతానే ఉంది, అక్క బొట్టు పెట్టుకుంటానే ఉంది. అదీ పెద్ద రూపాయి బిళ్ళంత పెట్టేది, ఎవరన్నా చూడకుండా పోతారేమో అన్నట్టు.

ఇంకొక మాట కూడా పుట్టింది. వెదురు లారీల మీద పోయేటోడెవడో వచ్చి, కొండ అవతల ఆత్మకూరు పక్క అచ్చం మాల్యాద్రి లాంటోడు వెదురు నరుకుతా కనపడినాడని, గుడిసెలో ఆడమనిషి కూడా ఉందని చెప్పినాడు. మా అత్త వాణ్ణి చెప్పు తీసుకొని తరిమింది. ఎందుకంటావు? కొడుకును పులి కొట్టిందంటే ఊళ్ళో పరువు, అందరూ చేతులెత్తి దండం పెడతారు. పెండ్లాన్ని ఇడిసి ఇంకొకదాని ఎంట పోయినాడంటే ఏముంది, ఛీ అంటారు. ఆమెకు చచ్చిపోయిన కొడుకే కావాల్సొచ్చినాడు. అక్క మాత్రం ఆ లారీవాడికి మజ్జిగిచ్చి పంపించింది. నాకు ఒళ్ళు మండింది. "అక్కా, అది నిజమైతే నీకు సవతి ఉన్నట్టే గదా, సిగ్గు లేదా నీకు?" అన్నా. పేడ ఎత్తతా ఉంది, ఎత్తేది ఆపలా. "ఉండనీ రమణా. పులి నోట్లో ముక్కలై పోయినాడనుకొని నేను అన్నం ఎట్ల తినాల? ఎవతో ఒకతి ఇంత అన్నం పెడతాందనుకుంటే నాకు ముద్ద దిగుతాంది" అనింది. ఆ పక్కకు మనిషిని పంపిద్దామంటే మాత్రం ఒప్పుకోలా. బతికుంటే ఆయన ఇష్టం, లాక్కొచ్చేదానికి గొర్రా అనేది.

ఎన్నేండ్లు గడిచినాయో. ఈ లోపల ఆ కొమ్మల కుప్ప పెరిగి గుట్టయింది. శివరాత్రికి శ్రీశైలం నడిచి పొయ్యేవాళ్ళు చూసి, ఇదేందంటే, మాల్యాద్రి అన్నారు మనోళ్ళు. పేరు కూడా మాలకొండ నరసింహసామిదే గదా, వాళ్ళు టెంకాయ కొట్టినారు. ఇంక ఆగుతుందా? లారీలు ఆపి నిమ్మకాయలు కట్టేది, పిల్లలు కావాలని ఉయ్యాలలు కట్టేది. అప్పటికి అడవి పులుల రిజర్వయిపోయింది, మందలను పైకి రానియ్యడం లేదు. ఒకరోజు ఫారెస్టు ఆఫీసరొచ్చినాడు ఊళ్ళోకి, మంచోడే, చెప్పులిప్పి మన అరుగు మీద మీ తాత పక్కన కూర్చున్నాడు. "పెద్దాయనా, జనం ఆడ ఆగితే కోతులు రోడ్డెక్కుతున్నాయి, బండ్ల కింద పడి చస్తున్నాయి. ఎండాకాలం ఎవరన్నా బీడీ పారేస్తే అడవంతా అంటుకుంటది. ఇంటోళ్ళు సరే అంటే తీసేస్తాం" అన్నాడు. మనోళ్ళు లేచినారు చూడు! "మా జీవాలను రానియ్యరు, ఇప్పుడు మా మనిషిని కూడా ఉండనియ్యరా?" అని. గొడవ గొడవ. అక్క లోపల్నుంచి వచ్చింది, చేతికి పిండి అట్లనే ఉంది. "తీసెయ్యండి సారూ. దాంట్లో ఎవరూ లేరు" అనింది.

దెబ్బకు ఊరు ఊరంతా ఆమెను వెలేసినంత పని చేసింది. ఎదురైతే పక్కకు తిరిగి పోయేది. మా అత్త ఆమె చేతి నీళ్ళు తాగడం మానేసింది, ఆ పట్టుదల మీదనే పోయింది కూడా. ఇదిగో, మీ అమ్మ మాధవి పెండ్లిలో, ముత్తయిదువలకు బొట్లు పెడతా పెడతా అక్క కాడికొచ్చి ఆగిపోయినారు ఆడోళ్ళు. అక్క మొహం అట్లనే ఎత్తి పెట్టి కూర్చోనుంది. మొండిది. కానీ కింద పెదవి అదురుతా ఉంది మే, నేను చూసినా. కుంకుమ భరిణె గుంజుకొని నేనే పెట్టినా. గుట్ట సంగతా? తీసేసినారులే. తీసిన మరుసటి పొద్దుటికే మళ్ళా కొమ్మలు పడినాయి. జనానికి చెయ్యి ఊరుకోదు గదా.

మీ అమ్మ పెండ్లయిన తర్వాత వచ్చినాడు ఒక పిల్లోడు. పట్టపగలు, గుండు చేయించుకొని, ఇంటి ముందర నిలబడినాడు. నేను చూస్తానే బిత్తరపోయినా. అదే నిలబాటు, అదే చెవులు. పేరు వెంకటేషంట. "మా నాయన పోయినాడమ్మా. పొయ్యేముందర ఈ ఊరి పేరు చెప్పి, ఆడ వెంకటలక్ష్మమ్మ అని ఉంటది, చెప్పి రా అన్నాడు" అన్నాడు. అక్క మాత్రం, "ఎండలో వచ్చినావు, కాళ్ళు కడుక్కో నాయనా" అనింది. వాడికి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఎందుకు పోయినాడు, మీ అమ్మెవరు, ఒక్కటి అడగలా. "అన్నం బాగా తినేవాడా?" అనింది. తినేవాడన్నాడు. "వెంట్రుకలు నెరిసినాయా?" అనింది. "మొత్తం తెల్లగయినాయమ్మా" అన్నాడు. తెల్లగానా, తెల్లగానా అని అనుకుంటానే ఉంది. ఆమె చూసింది నల్ల జుట్టోణ్ణి గదా. ఆ పిల్లోడు ఇంకొకటి కూడా చెప్పినాడు. చిన్నప్పుడు నాయనతో శ్రీశైలం దర్శనం చేసుకొని ఈ దిక్కున మార్కాపురం దాకా వచ్చినారంట. బస్సు ఆ మలుపులో ఆగితే నాయన దిగి, ఒక కొమ్మ విరిచి గుట్ట మీద ఏసి వచ్చినాడంట. ఎవరిది నాయనా అంటే, "మాకు తెలిసినోడిదే" అన్నాడంట. అక్క నవ్వింది మే! తొడ మీద కొట్టుకొని, కండ్లల్లో నీళ్ళొచ్చేటట్టు నవ్వింది. "ఊళ్ళోకి మాత్రం రాలా, దొంగ సచ్చినోడు" అనింది.

వాణ్ణి బస్సెక్కించేదానికి మీ తాత పోయినాడు. ఊళ్ళో ఆడోళ్ళందరూ మన వాకిట్లో చేరినారు, ఇన్నాళ్ళూ పక్కకు తిరిగిపోయినోళ్ళే. అక్క లోపలికి పోయి, ఎవరి చేతా పగలగొట్టించుకోకుండా, తానే సబ్బు రాసుకొని గాజులు ఒక్కొక్కటే తీసింది. చీర కొంగుతో బొట్టు తుడుచుకొని బయటికొచ్చింది. అందరి మొహాలూ చూసింది. "చెప్పినా గదా మీకు, బతికే ఉండాడని" అనింది. ఆ మాట అనేసి కింద కూలబడింది. అన్నేండ్లలో ఆమె ఏడవగా చూడలేదు నేను. ఆ పొద్దు పట్టుకునేదానికి ముగ్గురం చాల్లేదు.

...

ఏందే, అట్ల చూస్తావు? లెయ్యి, మబ్బు పట్టింది. మిద్దె మీద మిరపకాయలు ఉండాయి, నాకు మెట్లెక్కేదానికి చేతగాదు, పోయి ఎత్తుకొని రా పో.