జనానికి వీపు

(ఇంగ్లండు తూర్పు తీరాన ఒక చిన్న ఊరి నాటకశాల. బుధవారం మధ్యాహ్నం ఆటకి ముందు, ఖాళీ రంగస్థలం మీద మొగుడూ పెళ్ళాల వేషాలు వేసే ఇద్దరు.)

“చదివావా లేదా, వినీ?”

“చదివాను, మెర్విన్ గారూ.”

“పేపరాయన ఏం రాశాడు?”

“నా టోపీ బాగుందని.”

“దాని కింద.”

“మిమ్మల్ని నేను అప్‌స్టేజ్ చేశానని.”

“ఆయనకి ఆ మాటకి అర్థం తెలుసంటావా?”

“తెలిసే రాసుంటాడు.”

“తెలీదు. ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. పెళ్ళికి పెళ్ళికొడుకు తల్లి ఎర్ర గౌను వేసుకొస్తే పెళ్ళికూతుర్ని అప్‌స్టేజ్ చేసిందంటారు. కేకుల పోటీలో పక్కావిడకి ప్రైజొచ్చినా అదే మాట. మొన్న మా పళ్ళ డాక్టరు, తన కుక్క తనని అప్‌స్టేజ్ చేస్తోందన్నాడు. నా నోట్లో ఆయన చెయ్యి ఉంది కాబట్టి ఊరుకున్నాను.”

“పోనీలెండి. నలుగురి కళ్ళూ తనవైపు లాక్కోవడం అని వాడుకుంటున్నారు.”

“వాడుకుంటే సరా? పాతకాలం రంగస్థలం వెనక ఎత్తు, ముందు పల్లం. ఆ ఎత్తు వైపే అప్‌స్టేజ్. నువ్వు అక్కడికి పోయి నిలబడితే, నీతో మాట్లాడాల్సినవాడు వెనక్కి తిరగాలి. తిరిగితే జనానికేం కనబడుతుంది?”

“వీపు.”

“వీపు. నీకు మొహం, నాకు వీపు. అదీ అర్థం. పేపరాయన తెలీక రాసినా నిజమే రాశాడు. రెండో అంకంలో నువ్వు పోయి, ఆ... తెర కట్టి ఉంటుందే, దాని...”

“కిటికీ.”

“కిటికీ దగ్గర నిలబడతావు. దర్శకుడు సోఫా పక్కన అని చెప్పాడా లేదా?”

“చెప్పాడు.”

“మరి కిటికీ దగ్గరికెందుకు?”

“అక్కడ గాలి బాగుంటుంది.”

“అది అట్ట మీద గీసిన కిటికీ, వినీ.”

“అయినా బాగుంటుంది.”

“వేళాకోళం వద్దు. మేనేజరు పార్జిటర్ గారితో నిన్ననే చెప్పేశాను.”

“ఆవిడ నాకూ చెప్పారు.”

“ఏమని?”

“ఇవాళ్టి ఆటలో ముందుకొచ్చి నిలబడకపోతే రేపట్నించి నా వేషం హెస్టర్‌కని.”

“నాకేం సరదా కాదు. నువ్వు మంచిదానివే. ఇన్నేళ్ళు ఆ చాక్లెట్ల దుకాణంలో నిలబడ్డాక దొరికిన వేషం. పోతే మళ్ళీ దొరుకుతుందా?”

“దొరకదు.”

“మరి ఈ పంతం దేనికి?”

“హెస్టర్ ఎక్కడ నిలబడుతుంది?”

“సోఫా పక్కన. చెప్పినచోట నిలబడుతుంది, నీలా కాదు.”

“అదే నా భయం.”

“ఏమన్నావు?”

“ఏం లేదు. మీ టీ చల్లారిపోతోంది.”

“టీ సంగతి తర్వాత. రా, సోఫా పక్కకి రా. జనం వైపు తిరుగు. అదీ. ఇప్పుడు రెండో అంకం ఎత్తుకుంటాను, ఎంత నిండుగా ఉంటుందో నువ్వే చూడు.”

“ఇప్పుడొద్దు, మెర్విన్ గారూ.”

“ఇప్పుడే. ‘ఈ ఇంటి తాళం ఇకమీదట నీ దగ్గరే ఉంచుకో, మార్గరెట్. నేను... నేను...’ తిరగవేం?”

“ఎటు?”

“నా వైపు.”

“జనం వైపు చూడమన్నారుగా.”

“సరే, సరే. ‘ఈ ఇంటి తాళం ఇకమీదట నీ దగ్గరే ఉంచుకో, మార్గరెట్. నేను...’ నువ్వు నోరు కదపవేం?”

“నా వంతు ఇంకా రాలేదు. మీ మాటే నడుస్తోంది.”

“నా మాట నడిచేటప్పుడే కదా కదుపుతావు. ఆ కిటికీ దగ్గర, పెదాలు. రోజూ కదుపుతావు. ఎంత చిరాకో నాకు. ఒకళ్ళు మాట్లాడుతుంటే అలా... వినీ.”

“ఊఁ.”

“ఆ కదిపేది నా మాటలా?”

“టీ తాగండి.”

“నా మాటలేనా?”

“అవును.”

“ఎప్పట్నించి?”

“ఈస్టర్ వెళ్ళిన దగ్గర్నించి. మీరు వెనక్కి తిరిగి ఉంటే, మాట ఆగిపోయినా జనానికి తెలీదు. మొగుడికి దుఃఖం ముంచుకొచ్చిందనుకుంటారు. వెనక వరసల్లో ఏడుస్తున్నారు కూడా.”

“అది నా నటనకనుకున్నాను.”

“నటనకే. నేను అందించేది నాలుగు మాటలు.”

“పార్జిటర్ గారు నిలదీసినప్పుడు ఈ సంగతి చెప్పొచ్చుగా?”

“చెబితే మీ వేషం పోతుంది.”

“చెప్పకపోతే నీది పోతోంది.”

“అదీ నిజమే.”

“ఆ టీ ఇలా ఇవ్వు.”

“కోపమొచ్చిందా?”

“సిగ్గేస్తోంది. పో, కిటికీ దగ్గర నిలబడు.”

“మరి పార్జిటర్ గారు?”

“ఆవిడకి నేను చెప్పుకుంటాను. ఇంకాస్త ఎడమకి జరుగు. ఊహూఁ, నీ మొహం చీకట్లో ఉంది. దీపాలాయన్ని పిలువు, నా మీది వెలుగు తీసి నీ మీద వెయ్యమని చెప్పాలి.”